పాపకు కావలసినవి

డ్రైవింగ్ స్కూల్లో పదహారేళ్ళుగా పాఠాలు చెబుతున్న టీచరమ్మ కంగారు పడగా చూసినవాళ్ళు లేరు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎదురుగా లారీ దూసుకొస్తున్నా "మెల్లగా నాన్నా, తొందర వాడిది, మనది కాదు" అనేది. స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకున్నవాళ్ళను, కుడి ఏదో ఎడమ ఏదో మరిచిపోయినవాళ్ళను, బ్రేకనుకుని ఆక్సిలరేటర్ తొక్కినవాళ్ళను అందరినీ ఒక్కలాగే దారిలో పెట్టింది. నలభై మూడేళ్ళ ఆ మనిషికి ఒక గురువారం మధ్యాహ్నం, పాఠం మధ్యలో, ఫోన్ వచ్చింది.

అప్పుడు బండి నడుపుతున్నది గేరమ్మ. అసలు పేరు వేరే ఉంది గానీ, గేరు మార్చవలసి వచ్చినప్పుడల్లా రోడ్డు వదిలేసి గేరు రాడ్డు వంక వంగి చూసే అలవాటు వల్ల స్కూల్లో ఆ పేరే స్థిరపడిపోయింది. ఆవిడా అలా పిలిస్తేనే పలికేది. బేకరీలో తెల్లవారుజాము పని, ముగ్గురు పిల్లలు, రెండుసార్లు తప్పిన డ్రైవింగ్ పరీక్ష, వీటన్నిటి మధ్యా నవ్వు చెరగని ముఖం.

పాఠం నడుస్తుండగా టీచరమ్మ ఫోన్ ఎత్తదు. తెర మీద శిశుగృహం అధికారిణి పేరు చూసి ఎత్తింది.

"బండి నడుపుతున్నారా?" అని అడిగింది అవతలి గొంతు.

"లేదండీ, నడిపిస్తున్నాను. చెప్పండి."

"ఆడపిల్ల. పుట్టి ఇరవై రెండు రోజులు. ఆరోగ్యంగా ఉంది. రేపు పదకొండింటికి మీరూ మీవారూ రాగలరా?"

"రేపంటే... రేపేనా?"

"రేపే. ఏమేం కావాలో రాసి పంపుతున్నాను. మొదటి వారానికి సరిపడా ఇంట్లో ఉండాలి. బండిలో పాపకు సీటు లేకపోతే మాత్రం తీసుకెళ్ళనివ్వం."

"ఆపు" అంది టీచరమ్మ. అధికారిణితో కాదు, గేరమ్మతో.

గేరమ్మ మాట జవదాటని శిష్యురాలు. ఉన్నచోటే ఆపేసింది. ఉన్నచోటు నాలుగు రోడ్ల కూడలి. చుట్టూ హారన్లు మోగిపోయాయి. ఒకాయన కారు అద్దం దించి ఏదో అన్నాడు కూడా. టీచరమ్మ చెవికి అవేవీ ఎక్కలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, బ్రేకు మీద పెట్టాల్సిన కాలు పైకి ముడుచుకుని, ఎదురుగా ఉన్న ఎర్ర దీపం వంక చూస్తూ కూర్చుంది. అది పచ్చగా మారి, మళ్ళీ ఎర్రగా మారింది.

"టీచరమ్మా, ఎవరైనా పోయారా?" అని భయం భయంగా అడిగింది గేరమ్మ.

"లేదు. వస్తున్నారు."

నాలుగేళ్ళ కిందట టీచరమ్మా, లిఫ్టులు బాగుచేసే భర్తా పిల్లను పెంచుకుంటామని దరఖాస్తు పెట్టుకున్నారు. నిరుడు ఒకసారి ఇలాగే, ఒక బాబు ఉన్నాడని కబురొచ్చింది. అప్పుడు వారం రోజుల వ్యవధి ఉంది. భర్త తొట్టి మంచానికి రంగు వేశాడు, అత్తగారు పక్కబట్టలు కుట్టింది, టీచరమ్మ చిన్న చిన్న మేజోళ్ళు కొని జతలు జతలుగా చుట్టిపెట్టింది. తీసుకురావడానికి ముందు రోజు సాయంత్రం ఆ బాబును కన్నతల్లి మనసు మార్చుకుంది. అది ఆ తల్లి హక్కు, ఎవరూ కాదనలేదు. మర్నాడు భర్త ఆ సామానంతా డిక్కీలో వేసుకుని శిశుగృహంలోనే ఇచ్చేసి వచ్చాడు. ఆ రోజు టీచరమ్మ ఒక మాట అంది: పిల్ల ఒళ్ళోకి వచ్చేదాకా ఈ ఇంట్లోకి ఒక్క గుడ్డముక్క రాకూడదు. ఎవరూ ఆ మాట తప్పలేదు. అందుకే ఆ గురువారం నాటికి ఇంట్లో పాలసీసా మూత కూడా లేదు.

కూడలి దాటించి బండిని పక్కకు పెట్టించాక, టీచరమ్మ భర్తకు ఫోన్ చేసింది. మోగలేదు. లిఫ్టు గోతిలోకి దిగేముందు ఫోన్లన్నీ కట్టేసి బీరువాలో పెట్టాలని వాళ్ళ కంపెనీ నియమం. ఆరింటిదాకా మనిషి దొరకడు. ఇంటికి చేసింది. అత్తగారికి వినికిడి కాస్త తక్కువ, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఎంత బరువుందట?"

"అడగలేదత్తయ్యా."

"బరువు అడక్కుండా ఏం అడిగావమ్మా ఇంతసేపు?" అని పెట్టేసింది.

ఇంతలో అధికారిణి పంపిన జాబితా వచ్చింది. ముప్పై నాలుగు వస్తువులు. టీచరమ్మ పైనించి కిందికి, కిందినించి పైకి చదివింది. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. గేరమ్మ మెడ సాచి తొంగి చూసింది.

"స్నానం నీళ్ళ వేడి చూసే యంత్రం... ఎందుకండీ, మోచేయి ఉండగా? ఇది కొట్టేయండి. పౌడరు వద్దు. చేతికి తొడుగులు, కాలికి బూట్లు, ఇవన్నీ ఫొటోలకి. పిల్ల నడుస్తుందా పెడుతుందా?"

"నీకు ఇవన్నీ తెలుసా?"

"ముగ్గుర్ని కన్నాను టీచరమ్మా. తెలిసేదాకా ముగ్గురూ నన్ను వదల్లేదు." గేరమ్మ సీటు బెల్టు సర్దుకుని, అద్దం సరిచూసుకుంది. "ఇంకా గంటంబావు పాఠం ఉంది కదా. మార్కెట్ వీధికి నడిపించండి. అక్కడ పసిపిల్లల కొట్టుంది. మీరు నాకు రోడ్డు చెప్పండి, నేను మీకు జాబితా చెప్తాను."

అలా బయల్దేరారు. దారి పొడుగునా రెండు పాఠాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

"చొక్కాలు తల మీంచి తొడిగేవి వద్దు. ముందు వైపు కట్టేవి కావాలి. మెడ నిలబడదు కదా, తల దూర్చేసరికి మనకే చెమటలు పడతాయి."

"క్లచ్ సగం. సగమన్నాను."

"పన్నెండు చాలు. ఆరు ఒంటి మీదా, ఆరు దండెం మీదా."

"ఒక పిల్ల ఒంటి మీద ఆరా?"

"రోజుకి ఆరు మారుస్తారు మీరే, చూడండి. ఎడమకి తిరగనా?"

"తిరుగు. గేరు వంక చూడకు, అది ఎక్కడికీ పోదు."

"మెత్తటి నూలు గుడ్డలు మాత్రం ఎన్నున్నా చాలవు. మూతి తుడవాలి, భుజం మీద వేసుకోవాలి, కింద పరవాలి. ఇంట్లో పాత దుప్పటి ఉంటే అదే చింపండి. కొత్తది గుచ్చుకుంటుంది."

టీచరమ్మ బుద్ధిగా తలూపింది. పదహారేళ్ళలో పక్క సీట్లో కూర్చుని పాఠం వినడం అదే మొదలు.

పసిపిల్లల కొట్టు చిన్నదే గానీ లోపలికి పొడుగ్గా ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన పెద్దావిడ లెక్కబల్ల దగ్గర అల్లిక పెట్టుకుని కూర్చుంది. గేరమ్మ తన సొంత వంటగదిలోకి వచ్చినట్టు అరల మధ్య తిరిగింది. చొక్కాలు తీసి లోపలి కుట్టు తిప్పి చూసింది, గుడ్డను బుగ్గకు రాసి చూసింది. నచ్చనిది తిరిగి పెట్టేసింది. పాలసీసాలు నాలుగు, వాటిని కడిగే సన్న బ్రష్షు, జ్వరం చూసే థర్మామీటరు, గోళ్ళు తీసే చిన్న కత్తెర, స్నానం తొట్టి. పాలపొడి డబ్బాల ముందు టీచరమ్మ అన్నిటికంటే పెద్దది ఎత్తుకోబోతే చెయ్యి పట్టుకుంది.

"ఇది మాత్రం మనమే తేల్చకూడదు. అక్కడ ఏది తాగుతోందో కనుక్కోండి. రాత్రికి రాత్రి మారిస్తే కడుపు ఊరుకోదు, పిల్ల ఊరుకోదు, మీ వీధిలో ఎవరూ నిద్రపోరు."

టీచరమ్మ ఫోన్ చేసి అడిగింది. ఈసారి బరువు కూడా అడిగింది. మూడు కిలోల వంద గ్రాములు. ఆ అంకెను ఇంటికి ఫోన్ చేసి అత్తగారికి చెప్పింది. "పరవాలేదు" అంది ఆవిడ, ఆ వంద గ్రాములూ తనే పెంచినంత నిబ్బరంగా.

అంతా బాగానే సాగుతోంది. కొట్టు చివర తొట్టి మంచాలున్న చోటికి వచ్చేసరికి టీచరమ్మ ఆగిపోయింది. తెల్ల కమ్మీలు, కింద చిన్న చక్రాలు. నిరుటిదీ దాదాపు ఇలాంటిదే. కమ్మీ మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు, ముందుకూ జరగలేదు. గేరమ్మ రెండు చేతుల నిండా సరుకుతో వచ్చి, ముఖం చూసి, అన్నీ నేల మీద పెట్టేసింది.

"ఏమైంది?"

టీచరమ్మ నిరుటి సంగతి చెప్పింది. ఏడవకుండానే చెప్పింది, కానీ మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఈసారి తల్లికిచ్చిన గడువు దాటిపోయింది, కాగితాలన్నీ పూర్తయ్యాయట. తెలుసు. అయినా ఇది కొంటే... మళ్ళీ వెనక్కి మోసుకెళ్ళాల్సి వస్తుందేమోనని కాళ్ళు కదలడం లేదు. మంచం లేకుండా ఒక్క రోజు గడవదా? తీసుకొచ్చాక కొందాం."

గేరమ్మ పక్కనే ఉన్న ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

"మా రెండోవాడు ఏడో నెల్లోనే వచ్చేశాడు. ముప్పై తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికొస్తాడో రాడో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. ఏమీ కొనొద్దు, ఏమీ కుట్టొద్దు అన్నారు మావాళ్ళందరూ. నేను రోజుకొక చొక్కా కుట్టాను. ఆసుపత్రిలో వాడి పెట్టె పక్కనే కూర్చుని కుట్టాను. వాడు రాకపోతే ఇవన్నీ ఏం చేసుకుంటావే అని మా అమ్మే అడిగింది."

"ఏమన్నావు?"

"రాకపోతే ఎలాగూ ఏడుస్తాను. చొక్కాలు కుట్టకపోతే ఏడుపు కాస్త తగ్గుతుందా? తగ్గదు కదా. వస్తే మాత్రం వాడికి తొడగడానికి ఏదో ఒకటి ఉండాలి." లేచి నిలబడి బట్టలు దులుపుకుంది. "ఇప్పుడు వాడి చెప్పులు నాకు వదులవుతున్నాయి, చూడండి."

టీచరమ్మ రెండో చెయ్యి కూడా కమ్మీ మీద వేసింది. తరవాత మంచాన్ని గట్టిగా ఊపి చూసింది. ఒక కాలు కిర్రుమంది.

"ఇది వద్దు" అంది. "పక్కది చూపించమను."

కారులో పెట్టే సీటు దగ్గరకు వచ్చేసరికి మాత్రం టీచరమ్మకు ఎవరూ పాఠం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మూడు సీట్లు నేల మీద పెట్టించింది. బెల్టులు లాగింది, బకెల్ నొక్కింది, పట్టీ మెలికపడితే ఏమవుతుందో చూసింది. కొట్టు పెద్దావిడ "అందరూ ఇదే తీసుకుంటారమ్మా" అని ఒకటి చూపిస్తే, దాన్ని తలకిందులు చేసి, "అందరూ నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకోలేదు కదండీ" అంది. చివరికి మూడోదాన్ని తనే బయటికి మోసుకెళ్ళి, వెనక సీటు మీద మోకాలు ఆన్చి బిగించి, రెండు చేతులా పట్టి ఊపింది. కారంతా ఊగింది గానీ సీటు కదల్లేదు. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆవిడ ముఖంలోకి రంగొచ్చింది.

టీచరమ్మ ఇంటి వీధి ఇరుకు. ఇంటి ముందు రెండు బండ్ల మధ్య ఒక్క కారు పట్టేంత చోటే ఉంది. వెనక్కి తిప్పి పెట్టడం గేరమ్మ రెండు పరీక్షల్లోనూ తప్పిన పాఠం. డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో స్నానం తొట్టి, తొట్టి నిండా చొక్కాలు. వెనకద్దంలో ఏమీ కనపడదు. టీచరమ్మ తల నిండా వేరే ఆలోచనలు. థర్మామీటరు సంచిలో పడిందా లేదా అని వెతుక్కుంటోంది. వెతకడం పూర్తయి తలెత్తేసరికి కారు ఆగి ఉంది. రెండు బండ్ల మధ్య, గట్టుకు జానెడు దూరంలో, గీత గీసినట్టు తిన్నగా.

"ఎవరు పెట్టారు?"

"నేనే. మీరేమీ అనకపోతేనూ, పెట్టేశాను."

"గేరు వంక చూశావా?"

గేరమ్మ ఆలోచించింది. "చూడలేదండీ" అంది, తనకే ఆశ్చర్యంగా. వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "మీరు రేపట్నించి మూడు నెలలు సెలవు పెట్టేస్తారు. నన్ను ఎవరికి అప్పజెప్తారు?"

"నీకింక ఎవరూ అక్కర్లేదు. ఇలాగే పెట్టు, పరీక్ష నెగ్గుతావు" అంది టీచరమ్మ. అని, దిగి అటువైపు వెళ్ళి, గేరమ్మ దిగగానే ఆవిణ్ణి ఒక్కసారి గట్టిగా దగ్గరకు తీసుకుంది. డ్రైవింగ్ స్కూలు నియమాల్లో అలాంటిది లేదు.

లోపల అత్తగారు అప్పటికే రెండు పాత దుప్పట్లు చింపి, అంచులు మడిచి కుట్టు మిషను మీద పెట్టింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. కోడలూ అత్తా కలిసి కొత్త చొక్కాలన్నీ ఉతికారు, గుడ్డలన్నీ మరిగించారు, సీసాలు కడిగి బోర్లించారు. బాల్కనీలో కట్టిన తాడు మీద చోటు చాలక, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి ఇంకో తాడు కట్టారు.

ఆరుంబావుకు మెట్లెక్కి వచ్చాడు భర్త. ఫోన్ ఛార్జి అయిపోయింది, దారిలో ఏ కబురూ అందలేదు. పనిముట్ల సంచి భుజాన, గ్రీజు మరకల చేతులతో వరండాలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. ఆయన నుదుటికి తగిలేంత ఎత్తులో పన్నెండు చొక్కాలు ఆరుతున్నాయి. ఒక్కొక్కటీ ఆయన అరచెయ్యంత.

టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"రేపు."

"ఖాయమేనా?"

"ఖాయమే. ఆడపిల్ల."

ఆయన సంచి నేల మీద పెట్టాడు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా కుళాయి దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో ఒకసారి, గ్రీజు వదిలించే సున్నిపిండి లాంటి పొడితో ఒకసారి, మళ్ళీ సబ్బుతో. గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి రుద్దాడు.

"ఒరేయ్, రేపు కదా వచ్చేది, ఇప్పట్నించే ఏంట్రా" అంది తల్లి.

"అలవాటు చేసుకుంటున్నానమ్మా" అన్నాడు. తరవాత తొట్టి మంచం పెట్టె విప్పి, కాగితం మీది బొమ్మ చూడకుండానే బిగించడం మొదలుపెట్టాడు. అంతా అయ్యాక రెండు మరలు మిగిలాయి. అప్పుడు కాగితం చూశాడు.

మర్నాడు శిశుగృహంలో గోడ గడియారం పది నిమిషాలు ముందుంది. టీచరమ్మకు ఆ పది నిమిషాలు ఒక పట్టాన గడవలేదు. అధికారిణి కాగితాలు పెట్టింది, సంతకాలు పెట్టించింది, తెచ్చుకున్న సంచి విప్పించి చూసింది. పాలపొడి డబ్బా చూసి "సరైనదే తెచ్చారు" అంది. ఆ తరవాత నర్సు లోపల్నుంచి ఒక చిన్న మూటతో వచ్చి, ఏ ముందు మాటా లేకుండా, టీచరమ్మ చేతుల్లో పెట్టేసింది.

పాప నిద్రపోతోంది. జుట్టు ఒక పక్కకి దువ్వినట్టు అణిగి ఉంది. ఎవరి మీదో కోపం వచ్చి మరిచిపోయినట్టు కనుబొమల మధ్య సన్నటి ముడత.

"ఒక మాట" అంది నర్సు. "పాపను కన్న అమ్మాయి మొన్న వచ్చి చూసి వెళ్ళింది. ఎవరికి ఇస్తున్నారని అడగలేదు. పాలు తాగాక ఎడమ భుజం మీద వేసుకుంటేనే తేన్పు వస్తుంది, కుడి భుజం మీద రాదు, అది మాత్రం చెప్పమంది."

"ఎడమ భుజం" అంది టీచరమ్మ. మళ్ళీ ఒకసారి, మరిచిపోకుండా, "ఎడమ భుజం" అనుకుంది. నిరుడు తమకు రాకుండా పోయిన బాబూ, వాణ్ణి వెనక్కి తీసుకున్న తల్లీ ఎందుకో గుర్తొచ్చారు. ఆ బాబు ఈపాటికి తప్పటడుగులు వేస్తూ ఉంటాడు. వాళ్ళు చల్లగా ఉంటే బాగుండునని మొదటిసారి మనస్ఫూర్తిగా అనిపించింది.

ఇంటికి టీచరమ్మే నడిపింది. భర్త వెనక, పాప సీటు పక్కన ముడుచుకుని కూర్చుని, ఒక వేలు పాప గుప్పిట్లో పెట్టాడు. పదహారేళ్ళ అనుభవం ఉన్న మనిషి సైకిళ్ళు కూడా దాటిపోయేంత నెమ్మదిగా పోయింది. నేర్చుకునేవాళ్ళ కారని నెత్తిమీది బోర్డు చూసి, వెనకవాళ్ళు దయతలచి హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయారు. ఒక ముసలాయన చెయ్యూపి, "భయపడకమ్మా, వచ్చేస్తుంది" అని ధైర్యం చెప్పాడు. టీచరమ్మ ఆయనకు తలవంచి కృతజ్ఞతలు చెప్పింది.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. పాపను అందుకుని, అరచేతుల్లో తూచినట్టు ఒకసారి పైకీ కిందికీ ఆడించి, "మూడుంబావు. వాళ్ళ కాటా తప్పు" అని తీర్పు చెప్పింది. కొన్న చొక్కాల్లో ఒక్కటీ సరిపోలేదు. చేతులు బెత్తెడు వేలాడుతున్నాయి. టీచరమ్మ వాటిని మూడు మడతలు వేసింది. పాలు కలిపేటప్పుడు చెంచాలు లెక్క తప్పి రెండుసార్లు పారబోసి, మూడోసారి భర్త పైకి లెక్కపెడుతుంటే కలిపింది. పాప కళ్ళు తెరవకుండానే తాగింది. ఎడమ భుజం మీద వేసుకోగానే, పెద్దమనిషిలా, గట్టిగా ఒక తేన్పు తేన్చింది.

తొట్టి మంచంలో పడుకోబెట్టాక ముగ్గురూ మూడు పక్కల నిలబడ్డారు. చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. సీసా కడగాలి, గుడ్డలు ఉతకాలి, పొద్దున్నించి ఎవరూ ఏమీ తినలేదు. ఒక్కరూ కదల్లేదు.

పాప తుమ్మింది. చిన్న తుమ్ము, పిల్లి తుమ్మినంత.

"కిటికీ" అన్నాడు భర్త, అటు పరుగెత్తుతూ. "దుప్పటి" అంది టీచరమ్మ, ఇటు పరుగెత్తుతూ. ఇద్దరూ తలుపు దగ్గర ఢీకొన్నారు. అత్తగారు మాత్రం కదలకుండా, పాప కడుపు మీద చెయ్యి వేసి, "దుమ్మేమోలెండి. మీరిద్దరూ కాస్త కూర్చోండి" అంది.

ఇద్దరూ అక్కడే నేల మీద, మంచం కాళ్ళకు ఆనుకుని, కూర్చున్నారు.